మందుల షేర్లు ఏ ఖజానా మాట వింటాయి?

2015 ఏప్రిల్‌లో నిఫ్టీ ఫార్మా సూచీ పద్నాలుగు వేల దరిదాపుల్లో ఉంది. 2019లోనే ఎనిమిది వేల దగ్గరికి జారింది. 2020 మార్చిలో కోవిడ్ భయానికి మార్కెట్ మొత్తం కుప్పకూలినప్పుడు ఇంకా కిందికి దిగి, ఐదేళ్ళ కిందటి ఎత్తులో సగానికన్నా తక్కువకు వచ్చేసింది. ఆ ఐదేళ్ళలో మన ప్రభుత్వాలు ఆరోగ్యానికి పెట్టే ఖర్చు తగ్గిందా అంటే, లేదు. నేషనల్ హెల్త్ అకౌంట్స్ ప్రకారం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆరోగ్య వ్యయం 2014-15లో జీడీపీలో 1.13 శాతం. 2019-20కి అది 1.35 శాతం. కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల దాకా ఆస్పత్రి ఖర్చు భరిస్తామంటూ 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ కూడా వచ్చింది. సర్కారు ఖర్చు పెరుగుతూ ఉండగానే మందుల కంపెనీల షేర్లు పడిపోయాయి.

ఏటా కేంద్ర బడ్జెట్ సాయంత్రం టీవీల్లో వినిపించే మాటకు ఇది పూర్తిగా ఎదురు నిలుస్తుంది. ఆరోగ్య శాఖకు కేటాయింపు పెంచారు కాబట్టి ఫార్మా షేర్లకు మంచి రోజులని నిపుణులు చెబుతుంటారు. 2025-26లో ఆ శాఖకు దాదాపు లక్ష కోట్లు ఇచ్చినప్పుడూ అదే వినిపించింది. వినడానికి సబబుగానే ఉంటుంది: ప్రభుత్వం ఎక్కువ ఖర్చు పెడితే మందులు ఎక్కువ అమ్ముడవుతాయి, అమ్మకాలు పెరిగితే లాభాలు పెరుగుతాయి, లాభాలు పెరిగితే షేరు పెరుగుతుంది. ఈ గొలుసులో ఒక్కో లంకెనూ లాగి చూస్తే మన దేశంలో దాదాపు ప్రతిచోటా అది తెగి ఉంటుంది. తెగని చోట్లు కూడా ఉన్నాయి గానీ అవి ఎక్కువగా అమెరికాలో ఉన్నాయి. నా అంచనాలో ఖర్చు మొత్తం ఎంత అన్నది రెండో ప్రశ్న. మందుకు డబ్బు కట్టేది ఎవరు, కట్టేవాడికి బేరమాడే అధికారం ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. షేర్లు జవాబిచ్చేది ఈ మొదటి ప్రశ్నకే.

మన సంగతితో మొదలుపెడదాం. ప్రభుత్వ ఆరోగ్య వ్యయంలో పెద్ద భాగం రాష్ట్రాలది. అందులో జీతాలు, భవనాలు, కార్యక్రమాల నిర్వహణ పోగా మందుల కొనుగోలుకు మిగిలేది కొద్ది. బీమా పథకాల డబ్బు ఆస్పత్రులకు వెళ్తుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ దేశమంతటికీ నమూనా అయింది. గుండె ఆపరేషన్, క్యాన్సర్ చికిత్స లాంటి వాటితో అది వేల కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. కానీ ఆ పథకం ప్రధానంగా ఆస్పత్రిలో చేరిన రోగి కోసం. ఇంటి దగ్గర రోజూ వేసుకునే బీపీ మాత్ర, షుగరు మాత్ర, థైరాయిడ్ మాత్ర దాని పరిధిలోకి రావు. రోగి జేబుకు నెలనెలా చిల్లు పెట్టేవి అవే. మందుల కంపెనీల దేశీయ లాభాలకు ఆధారమూ అవే. అందుకే ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ లాంటి పథకాల ప్రభావం మార్కెట్లో ఎక్కడైనా కనిపిస్తే కార్పొరేట్ ఆస్పత్రుల షేర్ల మీద కనిపించాలి. వాటి మీద కూడా అది తీపీ చేదూ కలిసినదే. రోగుల సంఖ్య పెరుగుతుంది, ప్యాకేజీ రేట్లు తక్కువ, బకాయిలు నెలల తరబడి రావు.

జనం సొంత జేబు నుంచి పెట్టే ఖర్చు తగ్గిందన్నది నిజం. 2014-15లో మొత్తం ఆరోగ్య వ్యయంలో అది 62.6 శాతం ఉంటే 2021-22కి 39.4 శాతానికి దిగింది. అదే ఏడాది ప్రభుత్వ వ్యయం జీడీపీలో 1.84 శాతానికి చేరింది. అయితే అది కోవిడ్ ఏడాది. టీకాలు, అత్యవసర కొనుగోళ్ళు అందులో కలిసి ఉన్నాయి. 2025 నాటికి 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం పెట్టుకున్న లక్ష్యంతో పోల్చి చూస్తే, ఆ అంకెను చూసి సంబరపడాల్సింది లేదు.

ప్రభుత్వం మందులు కొన్నప్పుడైనా లిస్టెడ్ కంపెనీలకు లాభం వస్తుందా? రాష్ట్రాల మందుల కార్పొరేషన్లు టెండరు పిలుస్తాయి, అందరికన్నా తక్కువ ధర వేసిన ఎల్-1 కంపెనీకి ఆర్డరు ఇస్తాయి. మార్జిన్ పలచగా ఉంటుంది, బిల్లు ఎప్పుడొస్తుందో చెప్పలేరు. బ్రాండు పేరుతో డాక్టరు చీటీ ద్వారా అమ్ముకోగలిగిన పెద్ద కంపెనీకి ఈ వ్యాపారం మీద మక్కువ ఉండదు. ఆ చోటును ఎక్కువగా మధ్యతరహా, చిన్న తయారీదారులు నింపుతారు. వారిలో చాలామంది స్టాక్ మార్కెట్లో లేనే లేరు.

దీనికి అన్నిటికన్నా పెద్ద రుజువు కోవిడ్ టీకాలు. 2021-22 బడ్జెట్లో కేంద్రం టీకాలకు 35,000 కోట్లు పక్కన పెట్టింది. స్వతంత్ర భారతంలో ఒకే అవసరం కోసం ఇంత పెద్ద వైద్య కొనుగోలు మరొకటి గుర్తుకు రాదు. ఆ ఆర్డర్లలో సింహభాగం కోవిషీల్డ్ తయారుచేసిన పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌కూ, కోవాగ్జిన్ తయారుచేసిన మన జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్‌కూ వెళ్ళింది. ఒక దశలో డోసుకు 150 రూపాయల చొప్పున కేంద్రం కొన్నది. 30 కోట్ల డోసుల కోసం హైదరాబాద్‌లోనే ఉన్న బయొలాజికల్ ఇ సంస్థకు 1,500 కోట్లు ముందుగా ఇచ్చింది. ఈ మూడింటిలో ఒక్కదాని షేరు కూడా మదుపరి కొనుక్కోవడానికి అప్పుడు మార్కెట్లో లేదు. చిన్నపిల్లల సార్వత్రిక టీకాల కార్యక్రమానికి సరఫరా చేసే పెద్ద సంస్థలు కూడా ఇవే. 2020లో నిఫ్టీ ఫార్మా సుమారు 60 శాతం పెరిగిన మాట వాస్తవమే. దాని వెనక మందులకు గిరాకీ ఆగదన్న నమ్మకం ఉంది, అమెరికాలో ధరలు కుదుటపడటం ఉంది, చైనాకు ప్రత్యామ్నాయంగా భారత్‌ను చూడటం ఉంది. ఢిల్లీ టీకా బిల్లు వల్ల వచ్చిన పెరుగుదల అది కాదు.

ఇక ధరల నియంత్రణ. కొనకుండానే ధర నిర్ణయించే పద్ధతి మనది. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి జాతీయ ధరల సంస్థ గరిష్ఠ ధర కడుతుంది. మార్కెట్లో ఒక శాతానికి పైగా వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసి, దానికి చిల్లర వర్తకుడి 16 శాతం కలుపుతారు. ఏటా ఏప్రిల్లో టోకు ధరల సూచీని బట్టి సవరిస్తారు. 2023లో ఆ సవరణ 12 శాతం దాటింది, 2024లో దాదాపు సున్నా. జాబితాలో లేని మందులకు ఏడాదికి పది శాతం దాకా పెంచుకునే వీలుంది. ఈ ఉత్తర్వుల రోజున కొన్ని షేర్లు కదులుతాయి. కానీ పెద్ద కొనుగోలుదారు కూర్చుని బేరమాడి సాధించే ధరకూ, మార్కెట్ సగటు నుంచి తీసిన గరిష్ఠ ధరకూ చాలా తేడా ఉంది. బ్రాండ్లన్నీ ఖరీదుగా ఉంటే వాటి సగటు కూడా ఖరీదుగానే ఉంటుంది.

ఇప్పుడు అమెరికా. భారత ఔషధ ఎగుమతులు 2024-25లో 30 బిలియన్ డాలర్లు దాటాయి, అందులో దాదాపు మూడో వంతు ఆ ఒక్క దేశానికే. హైదరాబాద్ చుట్టుపక్కల కంపెనీల్లో చాలావాటికి ఆ వాటా ఇంకా ఎక్కువ. ఈ కథకు 1984లో రెండు మొదళ్ళు ఉన్నాయి. ఆ ఏడు అమెరికా కాంగ్రెస్ హాచ్-వాక్స్‌మన్ చట్టం చేసి జెనరిక్ మందులకు దారి తెరిచింది. అదే ఏడు కల్లం అంజిరెడ్డి డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఈ రెండూ 2001లో కలుసుకున్నాయి. ఫ్లూక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్ మీద 180 రోజుల ఏకైక విక్రయ హక్కు డాక్టర్ రెడ్డీస్‌కు దక్కింది. ఏ భారతీయ కంపెనీకైనా అలాంటి హక్కు రావడం అదే మొదలు. అదే ఏడాది ఆ కంపెనీ షేరు న్యూయార్క్ ఎక్స్చేంజీ ఎక్కింది. 2003లో చట్టమై 2006 జనవరి 1న అమల్లోకి వచ్చిన మెడికేర్ పార్ట్ డి, అమెరికా వృద్ధుల మందుల చీటీలకు ప్రభుత్వ డబ్బు తెచ్చింది. ఆ దేశంలో రాసే పది చీటీల్లో తొమ్మిది జెనరిక్‌లే. కాబట్టి ఆ డబ్బులో కొంత పాశమైలారానికీ, జడ్చర్లకూ, విశాఖ తీరానికీ ప్రవహించింది.

ఈ అనుబంధం ఎంత లోతుకు వెళ్ళిందో ఒక మందుతో చెప్పవచ్చు. లెనలిడోమైడ్ అనే మందును మల్టిపుల్ మయలోమా అనే రక్త క్యాన్సర్‌కు వాడతారు. వృద్ధాప్యంలో ఎక్కువగా వచ్చే జబ్బు కాబట్టి అమెరికాలో దాని ఖర్చులో పెద్ద భాగం మెడికేర్ ఖాతాలో పడుతుంది. పేటెంట్ ఉన్న కంపెనీతో రాజీ కుదుర్చుకున్న నాట్కో కంపెనీ జెనరిక్ 2022 మార్చిలో అక్కడి మార్కెట్లోకి వచ్చింది. ఇంత పరిమాణం మించి అమ్మకూడదన్న షరతు 2026 జనవరి ఆఖరు దాకా. ఆ పరిమితిలోపు వచ్చిన లాభాలతో కంపెనీ ఫలితాలు కళకళలాడాయి. 2025 ఫిబ్రవరిలో వెలువడిన త్రైమాసిక ఫలితాల్లో ఆ అమ్మకాలు లేకపోవడంతో లాభం పడిపోయింది, షేరు 20 శాతం లోయర్ సర్క్యూట్ తాకింది. ఆ వారంలో హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఆరోగ్య బడ్జెట్ అటో ఇటో కదిలి ఉంటే ఆ షేరుకు పట్టేదే కాదు.

తనిఖీలదీ అదే కథ. 2015 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ శ్రీకాకుళం, మిర్యాలగూడ, దువ్వాడ ప్లాంట్ల మీద డాక్టర్ రెడ్డీస్‌కు హెచ్చరిక లేఖ పంపిన వెంటనే షేరు భారీగా పడింది. 2017 మార్చిలో విశాఖలోని దివీస్ రెండో యూనిట్ మీద దిగుమతి హెచ్చరిక వచ్చింది, ఆ ఏడు చివర్లో ఎత్తేశారు. ఆ మధ్యలో షేరు పడిన తిప్పలు మదుపరులకు గుర్తే.

మొదట చెప్పిన ఆ ఐదేళ్ళ పతనానికి అసలు కారణం ఇక్కడుంది. ఒకవైపు ఎఫ్‌డీఏ జెనరిక్ అనుమతులు వేగంగా ఇవ్వడంతో పోటీ పెరిగింది. మరోవైపు అక్కడి టోకు వర్తకులూ పెద్ద మందుల షాపుల గొలుసులూ చేతులు కలిపి మూడు కొనుగోలు కూటములుగా మారాయి. జెనరిక్ కొనుగోళ్ళలో సుమారు 90 శాతం ఆ మూడింటి చేతుల్లోకి వెళ్ళింది. అవి ఏటేటా ధరలు కోసుకుంటూ పోయాయి. అమెరికా ఆరోగ్య వ్యయం మాత్రం ఆ కాలమంతా పెరుగుతూనే ఉంది. ఖర్చు పెరిగినా, బేరమాడేవాడు బలపడితే అమ్మేవాడి షేరు పడుతుందని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు కనబడలేదు. 2015 ఎత్తును సూచీ మళ్ళీ దాటడానికి 2021 దాకా పట్టింది.

ఈ విషయం మీద ఆర్థికవేత్తల పరిశోధన కూడా ఎక్కువగా అమెరికా మీదే జరిగింది. ఎలిసన్, మలిన్ 2001లో ప్రచురించిన పరిశోధన 1990ల మొదట్లో క్లింటన్ ఆరోగ్య సంస్కరణ ప్రతిపాదన రూపుదిద్దుకుంటున్న కాలాన్ని చూసింది. ఆ ప్రణాళిక చట్టం కాలేదు. అయినా ధరల అదుపు వస్తుందన్న భయం కొద్దికొద్దిగా పాకుతూ ఫార్మా షేర్లను మార్కెట్ సగటుకన్నా బాగా కిందికి లాగిందని వారు తేల్చారు. జాన్ ఫ్రీడ్‌మన్ దీనికి మరో వైపు చూపించారు. పార్ట్ డి చట్టం గట్టెక్కుతున్న రోజుల్లో, వృద్ధులు ఎక్కువగా వాడే మందులున్న కంపెనీల షేర్లు మిగతావాటికన్నా ఎక్కువ లాభపడ్డాయి. ఆ చట్టం మెడికేర్‌కు ధర మీద నేరుగా బేరమాడే హక్కు ఇవ్వలేదన్నది మరిచిపోకూడదు. అంటే డబ్బు వచ్చింది, బేరం రాలేదు. డగ్గన్, స్కాట్ మార్టన్ చేసిన మరో పరిశీలన దీన్ని ఇంకాస్త విడమరిచింది. పార్ట్ డిని నడిపే ప్రైవేటు బీమా సంస్థలు, ప్రత్యామ్నాయాలున్న మందుల దగ్గర ధర తగ్గించగలిగాయి. ప్రత్యామ్నాయం లేని మందు యజమానికి అలాంటి ఒత్తిడి తగల్లేదు.

ఈ పరిశోధనలన్నీ ఒక సంఘటనకు ముందూ వెనకా షేరు కదలికను కొలుస్తాయి. మన దగ్గర చాలామంది చేసే పని వేరు. పదేళ్ళ బడ్జెట్ అంకెలనూ పదేళ్ళ సూచీనీ పక్కపక్కన పెట్టి సంబంధం వెతుకుతారు. పది చుక్కలతో ఏ గీతైనా గీయవచ్చు. పైగా షేరు రేపటిని ఇవాళే లెక్కేసుకుంటుంది, హెల్త్ అకౌంట్స్ మాత్రం రెండుమూడేళ్ళ ఆలస్యంతో వస్తాయి. అలాంటి గ్రాఫును చూసి పెట్టుబడి నిర్ణయం తీసుకోవద్దని గట్టిగా చెబుతాను.

2022 ఆగస్టులో అమెరికాలో వచ్చిన ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం మెడికేర్‌కు ఆ బేరం హక్కును కూడా ఇచ్చింది. ఎలిక్విస్, జనువియా, ఎంట్రెస్టో లాంటి పది మందులతో మొదలై, బేరమాడిన ధరలు 2026 జనవరి 1 నుంచి అమలు. జనువియా ధరలో కోత 79 శాతం. దెబ్బ బ్రాండ్ కంపెనీలకే కదా అని మన మదుపరులు తేలిగ్గా తీసుకున్నారు. కానీ జెనరిక్ కంపెనీ బతికేది బ్రాండు ధరకూ తన ధరకూ మధ్య ఉన్న ఎడం మీద. ప్రభుత్వమే బ్రాండు ధరను ముందుగా దించేస్తే, పేటెంట్ మీద కోర్టులో కోట్లు ఖర్చు పెట్టి పోరాడటానికి దక్కే ఫలం చిన్నదవుతుంది. అమెరికా సుంకాల బెదిరింపులకు షేర్లు రోజువారీగా ఊగాయి. 2025 ఏప్రిల్ 2 సుంకాల నుంచి మందులను మినహాయించగానే మర్నాడు పెరిగాయి, సెప్టెంబరులో పేటెంట్ మందులపై 100 శాతం సుంకం ప్రకటనకు తగ్గాయి. నాకు ఈ ఊగులాట కన్నా ఆ బేరం హక్కు ముఖ్యమనిపిస్తుంది.

చైనా ఇంకా కఠినంగా బేరమాడింది. 2018 డిసెంబరులో పదకొండు నగరాల ప్రభుత్వ ఆస్పత్రుల కొనుగోలును ఒక్కటి చేసి టెండరు పిలిచింది. సగటున ధరలు సగానికి పైగా పడిపోయాయి, హాంకాంగ్‌లో చైనా మందుల షేర్లు కూలాయి. మరుసటి ఏడు ఆ పద్ధతిని మిగతా రాష్ట్రాలకు విస్తరించినప్పుడు మానసిక రుగ్మతలకు వాడే ఓలాంజపిన్ మందులో గెలిచిన వారిలో డాక్టర్ రెడ్డీస్ ఒకటి. ఒకే టెండరు కొందరికి కత్తెర, కొత్తగా తలుపు తట్టినవారికి అవకాశం.

ప్రభుత్వ డబ్బే మార్కెట్‌ను పుట్టించిన సందర్భాలూ ఉన్నాయి. 2003లో అమెరికా ప్రకటించిన పెప్ఫార్ పథకం ఆఫ్రికాలో ఎయిడ్స్ రోగులకు మందులు కొనడం మొదలుపెట్టింది. అరబిందో, హెటిరో, సిప్లా లాంటి కంపెనీలకు అది ఏళ్ళ తరబడి నిలకడైన వ్యాపారమైంది, లక్షల ప్రాణాలు నిలిచాయి. కోవిడ్ టీకా కంపెనీ మోడెర్నా ఇందుకు ఎదురు పాఠం. ప్రభుత్వ నిధులూ ముందస్తు ఆర్డర్లూ అండగా 2020 మొదట్లో సుమారు 20 డాలర్లున్న షేరు 2021 ఆగస్టులో 480 దాటింది. సర్కారు కొనుగోళ్ళు తగ్గాక 2025లో 30కి దిగువన కనిపించింది. ఒకే కొనుగోలుదారు మీద ఆనుకున్న కంపెనీకి ఆ కొనుగోలుదారు అవసరం తీరడమే ప్రమాదం.

ఏ పరిశోధనా కొలవని ఒక ప్రభుత్వ ఖర్చు ఉంది, మన హైదరాబాద్‌కు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది అదే. సోవియట్ సహకారంతో బాలానగర్‌లో వెలసిన ఐడీపీఎల్ కర్మాగారం, ఇప్పుడు ఐఐసీటీ అని పిలుస్తున్న ప్రభుత్వ ప్రయోగశాల, ఈ రెండిటి మీదా దేశం పెట్టిన సొమ్ము ఆరోగ్య బడ్జెట్లో కూడా కనపడదు. అంజిరెడ్డి పని నేర్చుకున్నది ఐడీపీఎల్‌లో. ఐఐసీటీలో ఎ.వి. రామారావు బృందం అభివృద్ధి చేసిన పద్ధతితోనే సిప్లా ఎయిడ్స్ మందు ఏజడ్‌టీ తయారుచేసింది. మందు వస్తువును వదిలి తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చిన 1970 చట్టం వీటికి తోడైంది. ఐడీపీఎల్ నష్టాల్లో మునిగి మూతపడింది, అక్కడ చేయి తిరిగిన రసాయన నిపుణులు ఊరంతా కంపెనీలు పెట్టారు. ఈనాటి ఫార్మా షేర్ల సంపదలో ఆ ప్రజాధనం వాటా ఉంది. దానికి ముప్ఫై, నలభై ఏళ్ళు పట్టింది కాబట్టి ఏ గ్రాఫులోనూ చిక్కదు. కాకినాడలో అరబిందో అనుబంధ సంస్థ పెట్టిన పెన్సిలిన్-జి ప్లాంటుకూ, నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకూ ప్రభుత్వం ఇస్తున్న ప్రోత్సాహకాలను ఆ దృష్టితో చూస్తే, వాటి ఫలితాన్ని వచ్చే త్రైమాసికంలో వెతకడం తొందరపాటు.

చివరిగా మన రాష్ట్రాలు చేయాల్సిన పని. తమిళనాడు 1994లోనే మందుల కొనుగోలుకు ప్రత్యేక కార్పొరేషన్ పెట్టింది. జెనరిక్ పేరుతో టెండరు, ప్రతి బ్యాచ్‌కూ ల్యాబ్ పరీక్ష, ఏ ఆస్పత్రికి ఎంత కావాలో ఆ ఆస్పత్రే తీసుకునేలా పాస్‌బుక్కు అక్కడి ఏర్పాట్లు. రాజస్థాన్ 2011 అక్టోబరు 2న ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచిత మందులు మొదలుపెట్టింది. ఏ ఫార్మా సూచీ ఈ రెండిటినీ గమనించలేదు, రోగులు గమనించారు. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ అలాంటి కార్పొరేషన్లు ఉన్నాయి. వాటికి కావలసింది సరఫరాదారులకు గడువులోగా బిల్లు చెల్లించే నిధి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు, బీపీ మాత్రలు ఏడాది పొడవునా ఖాళీ కాకుండా చూసే నిల్వ లెక్క. ప్రపంచానికి చవకగా మందులు తయారుచేసే కర్మాగారాలు ఇక్కడే ఉండగా, మిర్యాలగూడ పక్క పల్లెలో షుగరు రోగి నెలనెలా బ్రాండు ధర కట్టడం అన్యాయం. రెండు ప్రభుత్వాలు ఆ మందులను పెద్ద మొత్తంలో బేరమాడి కొంటే దేశీయ బ్రాండ్ల మీద బతికే కంపెనీల లాభం కొంత తగ్గవచ్చు, వాటి షేర్లు కొంత పడవచ్చు. ఆ నష్టం కంపెనీలు తట్టుకోగలవు. జీతం అందిన వారంలోనే మందుల షాపులో సగం ఖర్చయ్యే కుటుంబం ఇప్పటి పరిస్థితిని తట్టుకోలేకపోతోంది.